చెయ్యి పట్టుకున్నప్పుడు గాలి ఇంకా వీస్తూనే ఉంది

వందనాలు అమ్మాయ్. నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. కందుకూరు నుంచి ఒంగోలుకి రోజూ బస్సులో ఉద్యోగానికి వెళ్ళేదానివి. నాలుగు నెలల కిందట టంగుటూరు దాటాక ఉన్నట్టుండి గుండె దడదడలాడి, చేతులు తిమ్మిరెక్కి, ఊపిరి ఆడక, ఇక చచ్చిపోతున్నానని బస్సు ఆపించి దిగిపోయావు. ఇసిజి, ఎకో, థైరాయిడ్, రక్తం పరీక్షలు అన్నీ బాగున్నాయన్నారు, ప్యానిక్ అని చెప్పి మాత్రలు రాశారు. అప్పట్నుంచి బస్సు మానేసి అన్నయ్య బండి మీద వెళ్తున్నావు, ఇప్పుడు గుడిలో కూడా తలుపు పక్కనే కూర్చుంటున్నావు. ఇంతలో ప్రార్థన కూటంలో ఒకావిడ "మాత్రలు మింగుతున్నావంటే నువ్వు అల్పవిశ్వాసివి, అవి మానేసి మూడు రోజులు ఉపవాసం ఉండు" అంది. విశ్వాసం ఉంటే ఈ భయం ఎందుకొస్తుంది, మందు మానేయమంటారా అని అడిగావు.

మందు మానొద్దు. మిగతాది నెమ్మదిగా చెప్తాను గానీ ఈ ఒక్కటి ముందే విను. రోజూ వేసుకునే ఆ రకం మాత్రలు ఉన్నపళాన ఆపేస్తే తల తిరగడం, వికారం, నిద్రపట్టకపోవడం, లోపల కరెంటు కొట్టినట్టు ఉండటం జరగొచ్చు, ఆ లక్షణాలు చూసి నువ్వు మళ్ళీ జబ్బు తిరగబెట్టిందనుకుంటావు. ఆపాల్సి వస్తే రాసిన డాక్టరే కొంచెం కొంచెంగా తగ్గిస్తూ ఆపిస్తారు. ఉపవాసం కూడా ఇప్పుడొద్దు. పొద్దుట్నుంచి ఏమీ తినకపోతే మామూలు మనిషికే చేతులు వణుకుతాయి, గుండె వేగంగా కొట్టుకుంటుంది, నీకైతే అది అచ్చం ప్యానిక్ మొదలైనట్టే ఉంటుంది. ఉపవాసం మంచిదే, నేనూ ఉంటాను, కానీ ఒళ్ళు కుదుటపడ్డాక.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే నేను నర్సుని, ఇరవై ఆరేళ్ళ సర్వీసు. పైగా ఈ జబ్బు నాకూ వచ్చింది.

2006లో, నైట్ డ్యూటీలో. రాత్రి రెండున్నర దాటింది, వార్డంతా నిద్రపోతోంది, నేను టెంపరేచర్ చార్టు రాస్తున్నాను. రాస్తూ రాస్తూ ఉండగా గుండె ఒక్క ఎగురు ఎగిరింది. ఆ తర్వాత ఇక ఆగలేదు. పెదాల చుట్టూ చీమలు పాకినట్టు, వేళ్ళు కొంకర్లు పోయినట్టు, గోడలు దగ్గరకొస్తున్నట్టు అనిపించింది. నాతో డ్యూటీలో ఉన్న అమ్మాయి నన్ను అక్కడే పడుకోబెట్టి ఇసిజి తీసింది, వేగం తప్ప ఏమీ లేదు. ఎంతోమందికి "ఏం కాదమ్మా, కంగారు పడకు" అని చెప్పిన నేను ఆ మాట నాకు చెప్పుకోలేకపోయాను. తర్వాత ఆరు నెలలు డ్యూటీ రూములో ఒంటరిగా కూర్చోలేదు. డాక్టరు మందు ఇచ్చారు. ఊరి బయట నుంచి వచ్చిన ఒక ప్రార్థనాపరుడు నా తల మీద చెయ్యి పెట్టి, ఇది పిరికితనపు ఆత్మ, మందు మానితేనే పోతుంది అన్నాడు. మానేశాను. పన్నెండో రోజుకి నేను ఇంట్లోంచి బయటికి రాలేని స్థితికి వచ్చాను. దేవుణ్ణి నమ్మలేదు కాబట్టే ఇలా అయిందని రాత్రుళ్ళు ఏడ్చేదాన్ని. అసలు జబ్బు కంటే ఆ ఏడుపే నన్ను ఎక్కువ తినేసింది. నీ ఉత్తరంలో అదే ఏడుపు కనిపించింది కాబట్టే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

అసలు ఒంట్లో ఏం జరుగుతుందో తెలుసుకో, సగం భయం అక్కడే పోతుంది. అపాయం వస్తే పరుగెత్తడానికో ఎదిరించడానికో దేవుడు మన ఒంట్లో ఒక ఏర్పాటు పెట్టాడు. అడ్రినలిన్ విడుదలవుతుంది, గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. పాము కనబడితే ఇదే మనల్ని కాపాడుతుంది. ప్యానిక్‌లో పాము లేదు, ఏర్పాటు మాత్రం పనిచేసింది, పెరట్లో కాపలా కుక్క ఆకు రాలినా మొరిగినట్టు. కుక్క మొరిగిందని మనం ఇల్లు ఖాళీ చేసి పోము కదా. ఊపిరి మరీ వేగంగా తీసేసరికి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, అందుకే ఆ తిమ్మిర్లు, తల తేలిపోవడం, ఛాతీ బిగింపు. గాలి చాలడం లేదనిపిస్తుంది గానీ నిజానికి ఎక్కువైంది. ఇది చాలావరకు పది నిమిషాల్లోపు పతాక స్థాయికి వెళ్ళి, ఆ తర్వాత దానంతట అదే దిగుతుంది, అరగంటలో చాలామందికి తగ్గిపోతుంది. స్పృహ తప్పుతుందేమోనని నీ భయం. స్పృహ తప్పడం మామూలుగా బీపీ పడిపోతే జరుగుతుంది, ప్యానిక్‌లో బీపీ పెరుగుతుంది, అందుకే ఇందులో పడిపోవడం చాలా అరుదు.

నీకు పరీక్షలన్నీ అయ్యాయి కాబట్టి ఇలా చెప్తున్నాను. ఇది చదివే ఇంకెవరికైనా మొదటిసారి ఛాతీలో నొప్పి, దడ వస్తే, ముఖ్యంగా నలభై దాటినవాళ్ళు, షుగరు, బీపీ ఉన్నవాళ్ళు, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకుతున్నవాళ్ళు, ప్యానిక్ అని ఇంట్లో కూర్చోవద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళి ఇసిజి తీయించుకోండి.

ఇప్పుడు ఆవిడ అన్న "అల్పవిశ్వాసి" మాట. అది మత్తయి 14లో పేతురుతో ప్రభువు అన్న మాట. ఆవిడ ఆ ఒక్క మాట తెచ్చి నీ మీద వేసింది, చుట్టూ ఉన్నది వదిలేసింది. నువ్వు బైబిలు తీసి ఆ భాగం నిదానంగా చదువు. నీళ్ళ మీద నడుస్తూ యేసు దగ్గరికి వస్తున్న పేతురు గాలిని చూసి భయపడ్డాడు, మునిగిపోతున్నాడు, "ప్రభువా, నన్ను రక్షించుము" అని కేక వేశాడు. అంతే, రెండు ముక్కల ప్రార్థన. అప్పుడు యేసు ఏం చేశాడు? వెంటనే చెయ్యి చాపి పట్టుకున్నాడు. ఆ మాట అన్నది పట్టుకున్నాక. ముందు విశ్వాసం సరిచేసుకో, అప్పుడు చెయ్యిస్తాను అనలేదు. ఇంకొకటి చూడు, వాళ్ళు దోనె ఎక్కిన తర్వాతే గాలి అణిగిందని ఉంది. అంటే ఆయన చెయ్యి పట్టుకున్నప్పుడు గాలి ఇంకా వీస్తూనే ఉంది, నీళ్ళు ఇంకా ఎగుస్తూనే ఉన్నాయి. పేతురు ఆ గాలిలోనే, ఆ నీళ్ళ మీదే, ఆయన చెయ్యి పట్టుకుని దోనె దాకా వచ్చాడు.

నాకు ఈ వచనం చదివితే మా అమ్మ గుర్తొస్తుంది. 1989 నవంబరు తుఫాను కావలి దగ్గర తీరం దాటింది, మాది అక్కడికి దగ్గర్లోనే పల్లె, అప్పటికి నాకు పన్నెండేళ్ళు. రాత్రి ఇంటి పైకప్పు లేచిపోయింది. అమ్మ నన్నూ తమ్ముణ్ణీ గోడ మూలకి లాక్కుని, మా ఇద్దరి మణికట్లూ పట్టుకుని, ఇరవై మూడో కీర్తన చెప్తూనే ఉంది, అయిపోతే మళ్ళీ మొదట్నుంచి. "గాఢాంధకారపు లోయలో నేను సంచరించినను" అన్న చోటికి వచ్చేసరికి గొంతు వణికేది, అయినా ఆపేది కాదు. గాలి ఆ ప్రార్థనకి ఆగలేదు. తెల్లారేదాకా కొట్టింది. పొద్దున చూసుకుంటే నా మణికట్టు మీద అమ్మ గోళ్ళ గుర్తులు నాలుగు ఉన్నాయి. అమ్మకి భయం లేదా? నాకంటే ఎక్కువ ఉంది. అమ్మకి విశ్వాసం లేదా? ఆ రాత్రి చూసిన విశ్వాసం నేను ఏ కూడికలోనూ చూడలేదు. భయం, విశ్వాసం ఒకే మనిషిలో ఒకే రాత్రి ఉన్నాయి.

బైబిల్లో కూడా అంతే. పౌలు మాసిదోనియలో తన పరిస్థితి చెప్తూ బయట పోరాటాలు, లోపల భయాలు అని రాశాడు, రెండో కొరింథీ ఏడో అధ్యాయంలో. దేనికీ చింతపడవద్దని ఫిలిప్పీయులకు రాసిన ఆ పౌలే ఈ మాటా రాశాడు. అప్పుడు దేవుడు అతన్ని ఎలా ఆదరించాడు? తీతు రావడం ద్వారా, అని ఉంది. ఒక మనిషిని పంపాడు. ఏలీయా ప్రవక్త చావు కోరుకుని చెట్టు కింద పడుకుంటే దేవదూత వచ్చి ప్రసంగం చేయలేదు, లేచి తిను అన్నాడు, తిన్నాక మళ్ళీ పడుకోనిచ్చాడు, మళ్ళీ లేపి తినమన్నాడు. ఇక గెత్సేమనే తోట. ప్రభువు అక్కడ ఎంత కలతపడ్డాడో, చెమట రక్తబిందువుల్లా ఎలా కారిందో లూకా రాశాడు. ఆ రాసిన లూకా వైద్యుడు. పౌలు అతన్ని ప్రియుడైన వైద్యుడు అన్నాడు, వైద్యుడు కాబట్టి విశ్వాసం తక్కువ అనలేదు.

మన ఒంగోలు సంగతే తీసుకో. ప్రార్థన కొండ మీద 1854 జనవరి 1న తెల్లవారుజామున అమెరికా బాప్టిస్టు మిషనరీ జ్యూయెట్ దొర, ఇంకొంతమంది మోకరించి ఈ ప్రాంతం కోసం ప్రార్థించారు. అదే మిషన్‌కి చెందిన క్లౌ దొర ఒంగోలు వచ్చింది 1866లో. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు వచ్చింది. ఆయన ప్రార్థన చేసి ఊరుకోలేదు, బకింగ్‌హాం కాలవలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని ఆకలితో చచ్చిపోతున్న జనానికి పని, కూలి ఇప్పించాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న సంగతి మన గుళ్ళలో పిల్లలకి కూడా తెలుసు, ఈ కాలవ సంగతి మాత్రం తక్కువ చెప్తాం. ఎక్కువ చెప్పాలి. ఆకలితో ఉన్నవాడికి కూలి ఇప్పించడం అవిశ్వాసం కానప్పుడు, తర్వాత అదే మిషన్ వాళ్ళు నెల్లూరులో, ఒంగోలులో ఆసుపత్రులు కట్టడం అవిశ్వాసం కానప్పుడు, నువ్వు ఆ మాత్ర వేసుకోవడం ఎలా అవుతుంది? మాత్ర చేతిలోకి తీసుకున్నప్పుడు కళ్ళు మూసుకుని స్తోత్రం చెప్పి వేసుకో. నేను అలాగే వేసుకున్నాను, ఏడాదిన్నర. మందు పూర్తిగా పట్టడానికి కొన్ని వారాలు పడుతుంది, మొదటి వారం పది రోజులు కొందరికి కంగారు కాస్త పెరిగినట్టు కూడా ఉంటుంది, అది డాక్టరుకి చెప్పు, భయపడి ఆపకు.

సరే, ప్రార్థన ఎలా చేయాలి అన్నది అసలు విషయం. నేను చేసిన తప్పు చెప్తాను, ఎందుకంటే నువ్వూ అదే చేస్తున్నావు, నీ మాటల్లో తెలుస్తోంది. దడ మొదలవగానే "ప్రభువా తీసెయ్, ఇప్పుడే తీసెయ్" అని అడిగేదాన్ని, వెంటనే నాడి పట్టి చూసుకునేదాన్ని, తగ్గిందా? తగ్గలేదు. మళ్ళీ అడగడం, మళ్ళీ చూసుకోవడం. పైకి ప్రార్థన లాగే ఉంటుంది, లోపల జరిగేది నిమిషానికి నాలుగుసార్లు పరీక్ష. ఆయన జవాబిస్తున్నాడా లేదా అని చూస్తూ, ఇవ్వడం లేదనిపించి ఇంకా వణికేదాన్ని. ఆ కాపలా కుక్కకి అది ఇంకా అపాయం ఉందనే సైగ. అందుకే ఇంకా మొరుగుతుంది.

దీన్నుంచి నన్ను బయటికి తెచ్చింది మా గుడిలో బైబిలు స్త్రీగా, అంటే ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పే ఆవిడగా, పనిచేసి రిటైరైన ఒక పెద్దమ్మ. ఒక ఆదివారం ఆరాధన మధ్యలో నాకు మొదలైంది, లేచి బయటికి పరిగెత్తాను. మెట్ల మీద కూర్చుని మోకాళ్ళు పట్టుకుని వణుకుతున్నాను. ఆవిడ చేతికర్ర తాటించుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. ఆవిడ చీర దగ్గర కర్పూరం వాసన, చేతిలో పాటల పుస్తకం, పేజీ పోకుండా వేలు పెట్టే ఉంది. గట్టిగా ప్రార్థన చేస్తుందనుకున్నాను. చేయలేదు. నా చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుని, "రానీ అమ్మా, రానీ. ఎంతసేపుంటుందో ఉండనీ. ఆయన ఇక్కడే ఉన్నాడు, నేనూ ఇక్కడే ఉన్నా" అంది. కాసేపాగి మళ్ళీ అదే మాట. లోపల పాట అయిపోయింది, ఇంకో పాట ఎత్తుకున్నారు. అది కూడా అయ్యేలోపే నా వేళ్ళ తిమ్మిరి దిగిపోవడం మొదలైంది. అప్పుడు ఆవిడ "ఇప్పుడు లోపలికి పోదాం పా, ఇంటికి కాదు" అని నన్ను లేపి, తీసుకెళ్ళి మధ్య వరసలో కూర్చోబెట్టింది.

ఆ "రానీ" అన్న మాట నేను జీవితంలో మర్చిపోను. అప్పటిదాకా భయం వస్తే ఓడిపోయినట్టు లెక్క వేసుకునేదాన్ని. వచ్చినా ఆయన పక్కనే ఉన్నాడు అని తెలిశాక, వస్తుందేమో అన్న టెన్షన్ తగ్గింది. నువ్వే గమనించు, వచ్చిన రోజుల కంటే వస్తుందేమోనని ఎదురుచూసిన రోజులే నిన్ను ఎక్కువ ఏడిపించాయి కదా.

నేను చేసేది ఇది. యాభై ఆరో కీర్తన మూడో వచనం, "నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను." దావీదు ఇక్కడ భయం రాని రోజు గురించి చెప్పడం లేదు, వచ్చే రోజు గురించే చెప్తున్నాడు. దడ మొదలైతే పాదాలు రెండూ నేలకి ఆనించి, ముక్కుతో నెమ్మదిగా నాలుగు లెక్కపెట్టేంతసేపు గాలి తీసుకుంటూ మనసులో "భయము సంభవించు దినమున" అనుకో, ఆరు లెక్కపెట్టేంతసేపు వదులుతూ "నిన్ను ఆశ్రయించుచున్నాను" అనుకో. వదలడం పొడుగ్గా ఉండాలి, అది ముఖ్యం. పెద్ద పెద్ద ఊపిర్లు తీయకు, అవి తిమ్మిరి పెంచుతాయి. కవరులో ఊపిరి పీల్చమని ఎవరైనా చెప్తే వినకు, అది మంచిది కాదు. నాడి చూసుకోకు. తగ్గిందా అని అడక్కు. తగ్గించమని అడగొద్దా అంటే, ఒక్కసారి అడుగు, ఆయన విన్నాడు, ఇక ఆ పని ఆయనకి వదిలేసి ఆయనతో కూర్చో. రోజూ పొద్దున, ఏ కంగారూ లేనప్పుడు ఐదు నిమిషాలు ఇలా సాధన చెయ్యి. మునిగేటప్పుడు ఈత నేర్చుకోలేం.

టీలు, కాఫీలు ఎన్ని తాగుతావో రాయలేదు. ఉద్యోగాలు చేసేవాళ్ళు కొందరు రోజుకి ఐదారు తాగేస్తారు. ఒకటికి తగ్గించు, అదీ ఖాళీ కడుపుతో వద్దు.

ఇప్పుడు బస్సు. ఇది నీకు నచ్చదు గానీ ఇదే అన్నిటికంటే పెద్ద మందు. నువ్వు ఆ రోజు దిగిపోయినప్పుడు ప్రాణం నిమ్మళించింది కదా, దాంతో నీ ఒళ్ళు నేర్చుకున్నది ఏమిటంటే, బస్సు అపాయం, దిగితే బతుకుతాం. దిగకుండా ఉండి ఉంటే కాసేపటికి అదే తగ్గేది, అప్పుడు ఇంకోలా నేర్చుకునేది. ఇప్పుడు కొత్తగా నేర్పాలి, కొంచెం కొంచెంగా. అన్నయ్యనో స్నేహితురాలినో తోడు తీసుకుని మొదట కందుకూరు బస్టాండులో ఆగి ఉన్న బస్సెక్కి కూర్చో. అలవాటయ్యాక సింగరాయకొండ దాకా వెళ్ళి తిరిగిరా. ఆ తర్వాత టంగుటూరు. టంగుటూరు దగ్గర దడ వస్తుంది, రావాలి కూడా, వచ్చినప్పుడే కదా నేర్చుకునేది. ఆ వచనం ఊపిరితో చెప్పుకుంటూ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చో, దిగాల్సిన చోటే దిగు. తర్వాత ఒంగోలు. ఆ తర్వాత తోడు లేకుండా. ఒక్కో మెట్టు మీద వారం పట్టినా పరవాలేదు. ఒకరోజు మధ్యలో దిగిపోయినా పాపం చేసినట్టు ఏడవకు, మర్నాడు మళ్ళీ ఎక్కు. కౌన్సెలింగ్ చేసేవాళ్ళు కూడా ఇదే పద్ధతిలో నేర్పిస్తారు, ఒంగోలులోనో నెల్లూరులోనో సైకాలజిస్టుని కలవగలిగితే కలువు. కుదరకపోతే టెలీ మానస్ అని ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, 14416, డబ్బులు కట్టక్కర్లేదు, ఇరవై నాలుగు గంటలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఎప్పుడైనా బతకడం ఎందుకు అనిపిస్తే మాత్రం ఆ రాత్రికి ఆ రాత్రే ఫోన్ చెయ్యి, ఇంట్లో ఎవరినైనా లేపు.

ఆ కూటం ఆవిడతో వాదించకు. ఆవిడకి నీ మీద ప్రేమ లేదని నేననను, తెలియక అంది. మీ పాస్టరు అయ్యగారితో ఒకసారి విడిగా మాట్లాడు, మంచి కాపరి అయితే మందు వేసుకోమనే చెప్తాడు. గుడిలో ఒక్క మనిషికైనా నీ సంగతి చెప్పి పెట్టుకో, పౌలుకి తీతు లాగా. నాకు ఆ పెద్దమ్మ అలాగే దొరికింది. ఆవిడ ప్రభువు దగ్గరికి వెళ్ళి తొమ్మిదేళ్ళయింది. ఈ మధ్య ఎప్పుడైనా నాకు దడ వస్తే, ఇప్పటికీ ఏడాదికి ఒకటి రెండుసార్లు వస్తుంది, ఒళ్ళో చెయ్యి పెట్టుకుని "రానీ" అని నాకు నేనే చెప్పుకుంటాను. ఐదు నిమిషాల్లో లేచి పని చూసుకుంటాను.

ఈ ఆదివారం తలుపు పక్కన కూర్చోకు. మరీ ముందుకి వద్దులే, మూడు వరసలు లోపలికి చాలు. సోమవారం అన్నయ్యని తీసుకుని బస్టాండుకి వెళ్ళు, ఆగి ఉన్న బస్సులో పది నిమిషాలు కూర్చుని దిగు. ఎలా ఉందో నాకు రాయి, నీ కోసం ప్రార్థన చేస్తుంటాను.